పాతిక కాదు, పద్నాలుగు చూడండి!

"మెదడు 25 ఏళ్లకి గానీ పూర్తిగా ఎదగదట!" ఈ ఒక్క ముక్క పట్టుకుని రీల్స్ మీద రీల్స్ వదులుతున్నారు. బ్రేకప్ అయినా అదే కారణం, ఉద్యోగం మానేసినా అదే కారణం. పాతికో పుట్టినరోజు నాడు తలలో ఎవరూ స్విచ్ వెయ్యరు బాబూ! నుదుటి వెనక ఉండే, ఆగి ఆలోచించే భాగం ఇరవైల మధ్యదాకా మారుతుంది, నరాల పోగుల మీద కొవ్వు పూత ముప్పైల్లో కూడా పడుతూనే ఉంటుంది.

ఎవరూ మాట్లాడని అంకె 14. అమెరికాలో పెద్ద సర్వే చేసి 2005లో బయటపెట్టారు: మానసిక సమస్యల్లో సగం 14 ఏళ్లలోపే మొదలవుతున్నాయి, ముప్పావు వంతు 24 లోపు. సగం అండీ, సగం! ఆందోళన జబ్బులైతే సగం పదకొండేళ్లకే. సోమవారం పొద్దున యూనిఫాం వేసుకోగానే కడుపునొప్పి అని ముడుచుకు కూర్చునే పిల్లని మనమేమంటాం? నాటకాలు. గది తలుపేసుకుంటే పొగరు, రాత్రి నిద్రపట్టకపోతే ఫోన్ పిచ్చి.

ఆ నిద్ర సంగతి చెప్పాలి, నాకు ఒళ్లు మండేది అక్కడే. ఈడొచ్చే వయసులో మెలటోనిన్ అనే నిద్ర హార్మోన్ విడుదలే ఆలస్యమవుతుంది, నిద్ర రావడమే లేటు. అయినా తెల్లారకుండానే లేపి, ట్యూషన్‌కి తోలి, "బద్ధకం" అని తిడతాం.

సరిగ్గా అదే వయసులో మెదడు తన నరాల కణాల మధ్య ఉన్న అదనపు లింకుల్ని కత్తిరించుకుంటూ ఉంటుంది. ఆ కత్తిరింపు గాడి తప్పితే స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినపడే, భ్రమలు కమ్మే మానసిక జబ్బు) రావచ్చేమో అని ఇర్విన్ ఫైన్‌బర్గ్ అనే పరిశోధకుడు 1982లోనే అన్నాడు. 2016లో సీ4 అనే జన్యువు మీద పరిశోధన వచ్చింది: అది మరీ చురుగ్గా పనిచేసే రకాలున్నవాళ్లకి ఆ జబ్బు ముప్పు ఎక్కువట, ఎలుకల్లో చూస్తే ఆ కత్తిరింపులో దానికి చెయ్యి ఉందట. నా థియరీ ఏంటంటే, ఆ కత్తిరింపు నడిచే ఏళ్లలోనే పిల్లల నిద్ర దోచుకుని మనమే ఎసరు పెడుతున్నాం. డాక్టర్లు ఒప్పుకోకపోతే రండి, లైవ్‌లో తేల్చుకుందాం.

"మా రోజుల్లో ఇవన్నీ ఉన్నాయా" అని కింద టైప్ చేస్తున్న పెద్దాయనా, ఉన్నాయండి, అప్పుడు దయ్యం పట్టిందని వేపమండలతో కొట్టించేవాళ్లు. రాయండి, పర్లేదు, లైవ్ మీ కామెంట్ దగ్గర్నుంచే మొదలెడతా.