వైజాగ్‌లో దొరికిన జర్కిన్ డాక్టర్

హాయ్ అండీ అందరికీ! ఈసారి వీడియోలో కుర్సురా సబ్‌మెరైన్ లేదు, బీచ్‌లో ముంత మసాలా కూడా లేదు. ఇదిగో, ఈ తోలు జర్కినే ఉంది. కెమెరా దగ్గరికి తెస్తున్నా, చూడండి. కుడివైపు దారంతో కుట్టిన తీగ కనిపిస్తోందా? తాగినవాడు నడిచినట్టుంది కదా. అది నా చేతిపనే.

హ్యూస్టన్‌కి వాయవ్యంగా టాడ్ మిషన్ అని చిన్న ఊరుంది. అక్కడ 1974 నుంచి టెక్సస్ రినైసాన్స్ ఫెస్టివల్ జరుగుతోంది. పాతకాలం యూరప్ వేషాలేసుకుని వెళ్తారు జనం. మా అమ్మాయి అక్కడికి తోలు జర్కిన్ కావాలంది. మనం చలికోటుని జర్కిన్ అనేస్తాం గానీ, 16వ శతాబ్దంలో యూరప్ మగవాళ్లు పైన వేసుకునే తోలు కోటు అది. చాలావాటికి చేతులుండవు. సాదాది కొని, అంచు కుట్టూ, ముందు రెండుపక్కలా తీగలూ నేనే కుట్టా. అమ్మ దగ్గర ఎంబ్రాయిడరీ నేర్చుకున్న ధైర్యం మరి! ఫెస్టివల్‌కి అలాగే వేసుకెళ్లింది పాపం, ఫోటోల్లో మాత్రం చేతులు కట్టుకునే ఉంది.

డిసెంబర్ సెలవులకి వైజాగ్ ఎంవీపీ కాలనీలో అమ్మ ఇంటికి రాగానే అమ్మ దాన్ని తిరగేసి చూసింది. "ముందు సంగతి తర్వాత, వెనక ఈ ముళ్లేమిటే?" అంది. అంతా పీకేసి మళ్లీ కుడదామని నేను కత్తెర తీశా. అమ్మ ఆపి, పూర్ణా మార్కెట్ దగ్గర చెప్పులు కుట్టే బాబాయ్ దగ్గరికి తీసుకెళ్లింది.

ఆయన కళ్లజోడు సర్దుకుని, "ఎవులు కుట్టేరమ్మా ఇది?" అన్నాడు. అమ్మ నా వైపు చూసింది. నేను రోడ్డు వైపు చూశా.

"గుడ్డకైతే దారం తీసేస్తే కన్నం మూసుకుంటాది. తోలుకి కన్నం పడితే పడ్డట్టేనమ్మా. మళ్లీ పక్కన పొడిచేవనుకో, జల్లెడైపోద్ది."

తంగేడు చెక్కతో పదును చేసిన గట్టి తోలైతే, కాస్త తడిపి రుద్దితే కన్నం కొంచెం ముడుచుకుంటుందట. మాది బట్టలకి వాడే మెత్తని క్రోమ్ తోలు, అంటే క్రోమియం లవణాలతో పదును చేసింది, దాని మీద ఆ కిటుకు పనిచెయ్యదన్నాడు. అంటే ఉన్న కన్నాలతోనే కాపురం.

దారం తీసే పద్ధతి చూడండి, నేను చేయబోయిన దానికి పూర్తిగా తిరగేసి ఉంది. వెనకవైపు నుంచి రంపె (తోలు కోసే కత్తి) మొనతో రెండు మూడు కుట్లకొకటి తెంపి, ముక్కలు ముక్కలుగా లాగాడు. మొత్తం దారం ఒక్కసారిగా లాగితే అదే రంపంలా తోలుని కోసేస్తుందట.

అంచు కుట్టులో కన్నాలు బాగానే ఉన్నాయి. నేను దారం బిగలాగడం వల్లే తోలు ముడతలు పడింది. అందుకని అవే కన్నాల్లో మైనం పట్టించిన దారంతో నన్నే కుట్టుకోమన్నాడు. ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు, ఒక్కో కన్నంలోంచి రెండూ ఎదురెదురుగా వెళ్లాలి. అంచు పొడవుకి నాలుగింతల దారం తీసుకోవాలి, అదీ నాకు మధ్యలో అయిపోయాకే తెలిసింది! రెండు చేతులూ ఒకే బరువుతో లాగాలి. మొదటి జానెడు కుట్టేసరికి నా చిటికెన వేళ్లు కోసుకుపోయాయి.

అసలు రోగం కుడి తీగది. ఒక కుట్టు 3 మిల్లీమీటర్లుంటే పక్కది 7. అక్కడ బాబాయ్ 6 మిల్లీమీటర్ల వెడల్పు పల్చని తోలు పట్టీ కోసి, సొల్యూషన్ రాసి, వంకర కన్నాల మీద తీగలాగే వంపులు తిప్పుతూ అంటించాడు. ఆకులకి ఆకుల్లాంటి ముక్కలు. తర్వాత కొక్కెం ఆరె, అంటే మొనకి కొక్కెం ఉన్న తోలు కుట్టే సూది తీశాడు. పైనుంచి దింపడం, కింద దారం అందుకోవడం, పైకి తేవడం, ఆ ఉచ్చులోంచి రెండో కొస దూర్చడం... నేను వీడియో స్పీడ్ పెంచలేదండీ, ఆయన వేగమే అది.

ఎడమ తీగ బాగానే ఉందిగా, వదిలెయ్యమన్నా. వినలేదు.

"ఒకపక్కే ఏస్తే అతుకంటారు. రెండుపక్కలా ఏస్తే డిజైనంటారు."

సాయంత్రం తొడుక్కుని అమ్మాయి అద్దం ముందు నుంచి కదలలేదు. వైజాగ్ ఉక్కపోతలో పది నిమిషాలకే చెమటలు పట్టి విప్పేసిందనుకోండి. కాలరు మూల నా పాత కన్నాలు మూడు మిగిలిపోయాయి, జుట్టు విరబోసుకుంటే కనబడవంది.

సూట్‌కేసులో పెట్టేముందు ప్లాస్టిక్ కవరు వెతుకుతుంటే అమ్మ లాక్కుంది. సముద్రపు గాలికి తోలుకి తేమ పడుతుంది, గాలాడకపోతే బూజొస్తుంది. పాత కాటన్ గలీబులో మడిచి పెట్టింది. ఆ పక్కనే ఆవకాయ సీసా పెట్టబోతుంటే ఈసారి నేను లాక్కున్నా.