నాలుగు మార్కుల ప్రశ్న
(సైన్స్ ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, ఒకప్పుడు నా దగ్గర చదువుకుని ఇప్పుడు టీచర్లయి ముందు వరుసలో కూర్చున్న ఇద్దరికి, ఇందాక టీ ఇచ్చిన అబ్బాయికి కూడా. పేరుపేరునా చెబితే పావుగంట పోతుంది. నాకిచ్చింది అరగంట.

ముందు ఒక చిన్న పని. ఇది 10 మిల్లీలీటర్ల ఇంజెక్షన్ సీసా, మందుల షాపులో అడిగి తెచ్చుకున్నాను. గాలి బుడగ లేకుండా ఎర్ర ఇంకు కలిపిన నీళ్ళు నింపాను. రబ్బరు మూతకు బెజ్జం చేసి, మొన తీసేసిన ఖాళీ రీఫిల్ దూర్చాను. రీఫిల్లో ఎరుపు ఎంతవరకుందో స్కెచ్ పెన్నుతో గీత పెట్టాను. ఇప్పుడు దీన్ని వేడినీళ్ళ గ్లాసులో దించుతున్నాను. మేడంగారూ, మీరు దీన్ని చూస్తూ ఉండండి. మిగతావాళ్ళు నన్ను చూడండి.

విద్యార్థులకు వాతావరణ మార్పు గురించి ఎలా చెప్పాలి అన్నది నాకిచ్చిన అంశం. మన తెలుగులోనే ఒక చిక్కుంది. పొద్దున మబ్బు పట్టినా వాతావరణమే, వందేళ్ళలో భూమి వేడెక్కినా వాతావరణమే. పుస్తకంలో శీతోష్ణస్థితి అని వేరే మాట ఉంది కానీ అది పరీక్ష హాలు దాటి బయటికి రాదు. ముప్పై ఏళ్ళ సగటు అని నిర్వచనం చెబితే పిల్లలు ఆవలిస్తారు. నేను కార్తెలతో చెప్పేవాణ్ణి. ఇవాళ ఎండ మండిపోతోంది అంటే అది వాతావరణం. రోహిణిలో రోళ్ళు పగులుతాయి అంటే అది శీతోష్ణస్థితి. ఎన్నో తరాలు చూసి చూసి కట్టిన సామెత అది. మృగశిర చిందిస్తే ముసలెద్దు రంకె వేస్తుందన్నారు. మృగశిరలో ఇంకా చిందిస్తోందా, లేదా? ఆ ఒక్క ప్రశ్నా ఇంటికి పంపితే చాలు. మర్నాడు తాతలూ నాయనమ్మలూ చెప్పిన జవాబులతో క్లాసు నిండిపోతుంది.

జూన్ 5 సంగతి కూడా చెప్పాలి. ప్రపంచ పర్యావరణ దినోత్సవం. మన బళ్ళు తెరిచేది 12న. పిల్లలు లేని బడిలో నలుగురు టీచర్లం ఒక మొక్క చుట్టూ నిలబడి ఫొటో దిగి గ్రూపులో పెడతాం. మా బడిలో ఏటా ఒకే గుంత. తవ్వే శ్రమ ఉండదని. నవ్వకండి, మీ బడిలో గుంత ఎక్కడుందో మీకూ తెలుసు. ఇక బళ్ళు తెరిచాక డ్రాయింగ్ పోటీ పెడితే నలభై బొమ్మల్లో ముప్పై తెల్ల ఎలుగుబంట్లే. మంచుముక్క మీద ఏడుస్తూ ఒక ఎలుగుబంటి. ఆ ముక్క సముద్రంలో తేలేదే కాబట్టి అది కరిగినా నీటిమట్టం దాదాపు పెరగదు. గ్లాసు నీళ్ళలో ఐసుముక్క వేసి, గీత పెట్టి, కరిగేదాకా ఆగితే ఆరో తరగతి పిల్లలే చెబుతారు. పెంచేది గ్రీన్‌లాండ్, అంటార్కిటికా నేల మీదున్న మంచు, కొండల మీది హిమానీనదాలు. ఆ పైన వేడెక్కి వ్యాకోచించే సముద్రపు నీరు. మేడంగారూ, ఎరుపు ఎక్కడుంది? వేలెడు ఎక్కిందా? అదే.

అసలు నేను చెప్పాలని వచ్చింది ఇదేం కాదు.

నేను రిటైరై ఆరేళ్ళయింది. అంతకుముందు కాకినాడ దగ్గర ఉప్పాడ తీరంలో ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పాను. ఒక ఏడాది తొమ్మిదో తరగతి అర్ధసంవత్సర పరీక్షలో నేనే ఒక ప్రశ్న ఇచ్చాను. భూతాపం వల్ల కలిగే ఫలితాలు రాయుము. నాలుగు మార్కులు. ధ్రువాల మంచు కరుగును, సముద్రమట్టం పెరుగును, మాల్దీవుల వంటి దీవులు మునుగును. ఇలా రాసినవాళ్ళకి నాలుగుకి నాలుగు. ఒక అబ్బాయి ఇలా రాశాడు: 'మా తాత ఇల్లు సముద్రంలో పోయింది. మా నాన్న కట్టిన ఇల్లు పోయింది. ఇప్పుడు రోడ్డుకి ఇవతల ఉంటున్నాం. తుపానుకి రోడ్డు కూడా పోతుంది. తుపాను రోజుల్లో మా అమ్మ రాత్రిళ్ళు పడుకోదు.'

ఒక మార్కు వేశాను. ఆ ఒక్కటీ చేతిరాత బాగుందని.

ఇంటర్వెల్లో వచ్చాడు. "మాస్టారండీ, నేను రాసింది తప్పాండీ?" అన్నాడు. తప్పు కాదురా, పుస్తకంలో లేదు కదా అన్నాను. "పుస్తకంలో ఎందుకు లేదండీ?" అన్నాడు. వెళ్ళి క్లాసులో కూర్చో అన్నాను. ముప్పై రెండేళ్ళ సర్వీసులో నేను ఇచ్చిన జవాబుల్లో అంత పనికిమాలినది ఇంకోటి లేదు.

ఆ ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. తీరంలో రాళ్ళు పోసి, జియోట్యూబు గోడ, అంటే ఇసుక నింపిన పెద్ద పెద్ద గుడ్డ గొట్టాల గోడ, వేసి ఉంది. అదీ అక్కడక్కడా చిరిగి కుంగింది. వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి నీళ్ళలోకి చెయ్యి చూపించింది. "అదిగోనండి, ఆ పడవ లంగరేసుంది చూశారా, అక్కడే మా పెళ్ళి పందిరి." ఒడ్డు నుంచి చాలా దూరంలో ఉంది పడవ.

నేనేదో పెద్ద సంగతి కనిపెట్టినట్టు సోమవారం క్లాసులో ఊదరగొట్టాను. చూశారా పిల్లలూ, ఇదే గ్లోబల్ వార్మింగ్ అని. అక్కడ రెండో తప్పు చేశాను. ఆ అబ్బాయి తాత, వేటకెళ్ళి వెళ్ళి ఒళ్ళు నల్లరాయి అయిన మనిషి, బడికే వచ్చాడు. "ఎక్కడో పొగగొట్టాల వల్ల మా ఇల్లు పోయిందన్నారంట మాస్టారూ. మరి ఇసుక మాటేంటి? ఇదివరకు సముద్రం తీసుకెళ్ళింది మళ్ళీ తెచ్చి పోసేది. ఇప్పుడు తీసుకెళ్ళడమే."

ఆయనన్నది నిజం. మన తూర్పు తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం ఒడ్డు వెంట ఉత్తరానికి నడుస్తుంది. గోదావరి తేవాల్సిన ఇసుకా ఒండ్రూ ఎగువ ఆనకట్టల వెనక ఆగిపోతున్నాయి. రేవుల కోసం సముద్రంలోకి గోడలు కడితే ఒక పక్క ఇసుక మేట వేస్తుంది, రెండో పక్క కోసుకుపోతుంది. విశాఖలో హార్బరు దగ్గర తవ్విన ఇసుకను తెచ్చి ఆర్కే బీచిలో పోయాల్సి వస్తోంది కదా. వీటన్నిటి మీదా సముద్రమట్టం. 1901 నుంచి 2018 లోపు ప్రపంచ సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది, ఆ వేగం కూడా పెరుగుతోంది. మరి ఆ ఇల్లు పోవడంలో దేనికెంత వాటా? పిల్లలకి ఈ వాటాలు వెయ్యడం నేర్పాలండి. అంతా వాతావరణ మార్పే అనేస్తే ఇక్కడివాళ్ళెవరికీ ఏ బాధ్యతా ఉండదు. అసలు వాతావరణ మార్పే లేదంటే, ఈ సీసాలో ఎరుపులా సముద్రం ఎందుకు ఎక్కుతోందో చెప్పలేం.

అప్పటినుంచి కొలతలు మొదలుపెట్టాం. టేపు లేదు. తాడుకు మీటరుకో ముడి వేశాం. బీచి రోడ్డు పక్క కరెంటు స్తంభాలకు సున్నంతో నంబర్లు వేశాం. ప్రతి అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎక్కడిదాకా వచ్చిందో స్తంభం నుంచి కొలిచి నోటుపుస్తకంలో రాయడం. వేసవిలో వేట నిషేధం రోజుల్లో నాన్నలు ఇంటి దగ్గరే ఉండేవాళ్ళు, వాళ్ళూ తాడు పట్టుకునేవాళ్ళు. నాలుగేళ్ళ పుస్తకం ఇది, తెచ్చాను. చివరి పేజీ ఒక ఎనిమిదో తరగతి పాప రాసింది, చూడండి. '7వ స్తంభం - 9 ముళ్ళు. 8వ స్తంభం - 6 ముళ్ళు. 9వ స్తంభం - స్తంభం లేదు.'

చీటీ వచ్చింది, ఐదు నిమిషాలట. సరే.

భయపెట్టకండి అని కూడా చెప్పాలి. "మనందరం చచ్చిపోతామా సార్" అని అడిగిన పిల్లలున్నారు. వాళ్ళకి తుపాన్ల లెక్క చెప్పండి. 1977 నవంబరు 19న దివిసీమలో పదివేలమందికి పైగా పోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖనే నేలమట్టం చేసినంత పని చేసింది, పోయినవాళ్ళు పదుల్లోనే. మధ్యలో వచ్చింది ముందస్తు హెచ్చరిక, షెల్టర్లు, ఊళ్ళు ఖాళీ చేయించడం. మనుషులు నేర్చుకున్నారు కాబట్టే ఆ అంకె తగ్గింది.

ఆ అబ్బాయి సంగతి అడుగుతున్నారు. పదో తరగతి పాసయ్యాడు. ఇప్పుడు చేపలకి ఐసు తోలే లారీ నడుపుతున్నాడు. మళ్ళీ ఇల్లు మారారు. ఆ మూడు మార్కులూ ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి.

ఏంటి మేడంగారూ? దిగిపోయిందా? అవునండి, నేను ఇంతసేపు వాగేసరికి గ్లాసులో నీళ్ళు చల్లారాయి, ఎరుపు గీత దగ్గరికి వచ్చేసింది. సముద్రం చల్లారడానికైతే వందల ఏళ్ళు పడుతుంది. బాబూ, కాంటీన్లో ఇంకో గ్లాసు వేడినీళ్ళు దొరుకుతాయేమో చూడు. వెనక కూర్చున్నవాళ్ళు చూడలేదు. ఈసారి సీసా మీరు పట్టుకోండి.