పిక్సీస్ ఈపీ1: నాలుగు పాటలు, ఒక తప్పు వరస

హోస్ట్: ఇవాళ పిక్సీస్ ఈపీ1 గురించి. ఈపీ అంటే ఆల్బమ్ కంటే చిన్న రికార్డు. పిక్సీస్ అమెరికాలోని బోస్టన్ రాక్ బ్యాండు, 1986లో మొదలైంది, 1993లో విడిపోయింది, 2004లో మళ్లీ స్టేజీ ఎక్కింది. రికార్డు మాత్రం 2013 సెప్టెంబరుకి గానీ రాలేదు. వచ్చిందీ నాలుగే పాటలు!

ఇంజనీర్: మధ్యలో ఒకటీ అరా విడి పాటలు వదిలారు లెండి. అవి పక్కనపెడితే 1991 ఆల్బమ్ తర్వాత ఇదే. పాటలు 2012 చివర్లోనే వేల్స్‌లోని రాక్‌ఫీల్డ్ స్టూడియోలో, ప్రొడ్యూసర్ గిల్ నార్టన్ చేతిలో రికార్డయ్యాయి. 1989లో వీళ్ల డూలిటిల్ ఆల్బమ్ ప్రొడ్యూస్ చేసిందీ ఆయనే.

హోస్ట్: మరి ఆల్బమే వేసెయ్యొచ్చుగా?

ఇంజనీర్: విడతలవారీగా వదిలారండీ. సెప్టెంబరు, జనవరి, మార్చి, ఒక్కో ఈపీలో నాలుగేసి. 2014 ఏప్రిల్‌లో ఆ పన్నెండూ కలిపి ఇండీ సిండీ అనే ఆల్బమ్.

హోస్ట్: మొదటి విడతకి పిచ్‌ఫోర్క్ అనే సంగీత సమీక్షల వెబ్‌సైట్ పదికి ఒక్క మార్కు వేసింది.

ఇంజనీర్: మరీ అంత తీసిపారేసే రికార్డు కాదు. వరసే దెబ్బకొట్టింది. మొదట ఆండ్రో క్వీన్, నెమ్మదిగా రివర్బ్‌లో, అంటే గదిలో ప్రతిధ్వనించినట్టుండే శబ్దంలో, తేలిపోయే పాట. బరువైన గిటార్లున్న వాట్ గోస్ బూమ్ చిట్టచివర. ఆల్బమ్‌కొచ్చేసరికి చూడండి, బూమ్ మొదటికొచ్చింది, ఆండ్రో క్వీన్ పదో పాటయింది.

హోస్ట్: వరసకి అంత పట్టింపా?

ఇంజనీర్: పన్నెండులో ఒక మెత్తని పాట ఎక్కడో కలిసిపోతుంది. నాలుగులో అది పావు వంతు. పైగా ఇరవై రెండేళ్లు ఆగినవాడు మొదటి నిమిషంలోనే తీర్పు చెప్పేస్తాడు.

హోస్ట్: బాస్ గిటార్ వాయిస్తూ పాడిన కిమ్ డీల్ లేకపోవడం?

ఇంజనీర్: అదీ ఉంది. ఆమె బ్యాండు వదిలినట్టు 2013 జూన్‌లో చెప్పారు. ఈ పాటల్లో బాస్ వాయించింది డింగ్, అంటే సైమన్ ఆర్చర్. బాస్‌కి లోటేం లేదు. ముఖ్య గాయకుడు బ్లాక్ ఫ్రాన్సిస్ అరుస్తుంటే పక్కనే చల్లగా పలికే ఆ రెండో గొంతు పోయింది. దాన్ని ఏ మిక్సింగూ తేలేదు.

హోస్ట్: వినైల్, అంటే గ్రామఫోను ప్లేటు మీదైతే నాలుగు పాటలు లాభమే కదా?

ఇంజనీర్: చాలా. 12 అంగుళాల ప్లేటు 33లో, అంటే నిమిషానికి 33 చుట్ల వేగంతో తిరిగితే, బయటి అంచున గాడి ముల్లు కింద సెకనుకి 50 సెంటీమీటర్లు పరిగెడుతుంది. మధ్యలో లేబుల్ దగ్గరికొచ్చేసరికి 21. అంత ఇరుకులో పై శబ్దాలు సరిగ్గా పట్టవు, అందుకే చివరి పాటలో 'స', 'ష'లు చిరచిరలాడతాయి. ఈ నాలుగూ పక్కకి ఏడెనిమిది నిమిషాలే. 45 చుట్ల వేగానికి గాడి కోస్తే లేబుల్ దగ్గర కూడా 28 వస్తుంది. అసలు అంత లోపలికి పోనక్కర్లేదు, గాడిని మధ్యలోనే ఆపెయ్యొచ్చు.

హోస్ట్: ఖాళీ ఉందిగదా అని సౌండ్ పెంచేస్తే?

ఇంజనీర్: కొంతవరకే. బాస్, అంటే కింది శబ్దాలు, మరీ ఎక్కువైతే గాడి పక్క గాడిని తాకుతుంది, ముల్లు ఎగిరిపోతుంది. అందుకే కోసేముందు అడుగు బాస్‌ని మోనో చేస్తారు. రెండు స్పీకర్లకీ ఒకటే బాస్ అన్నమాట, అప్పుడు ముల్లు పైకీ కిందికీ గెంతదు. ఇంకోటి, 45 ప్లేటుని మర్చిపోయి 33లో పెట్టకండి. శ్రుతి ఐదు స్వరస్థానాలు పడిపోతుంది, పై షడ్జమం కాస్తా పంచమం అవుతుంది. ఆండ్రో క్వీన్ అయితే మనకి అనుమానం కూడా రాదు, అదసలే నెమ్మది!