మ్యూనీ: యూనివర్సిటీ స్థలం, ఊరందరి మైదానం

అందరికీ నమస్కారం.

ఆస్టిన్‌లో ఉంటున్న మన తెలుగువాళ్లలో చాలామంది లేక్ ఆస్టిన్ బులవార్డ్ మీదుగా వెళ్లే ఉంటారు. అక్కడి నుంచి ఎన్‌ఫీల్డ్ రోడ్డు వైపు వస్తే, పెద్ద పెద్ద ఓక్ చెట్ల మధ్య ఒక గోల్ఫ్ కోర్సు కనిపిస్తుంది. దాని పూర్తి పేరు లయన్స్ మున్సిపల్ గోల్ఫ్ కోర్సు. ఊళ్లో అందరూ పిలిచేది మాత్రం మ్యూనీ అనే. సుమారు 141 ఎకరాలు. నడిపేది నగరపాలక సంస్థ, స్థలం మాత్రం టెక్సస్ యూనివర్సిటీది. దీని చరిత్ర చెప్పమని నన్ను అడిగారు. గోల్ఫ్ ఎప్పుడూ ఆడనివాళ్లకు కూడా ఇది అర్థమవుతుంది. ఒక భూమి ఎవరి పేరున ఉంది, ఎవరి చేతుల్లో పెరిగింది అన్నదే ఇందులో అసలు విషయం.

1910లో జార్జ్ బ్రాకెన్‌రిడ్జ్ అనే పెద్దమనిషి కొలరాడో నది ఒడ్డున దాదాపు 500 ఎకరాలు యూనివర్సిటీకి దానం చేశాడు. (ఇది టెక్సస్ కొలరాడో. గ్రాండ్ కాన్యన్‌లో పారే నది వేరు.) ఆయన శాన్ ఆంటోనియోలో బ్యాంకరు, యూనివర్సిటీ పాలకమండలిలో రీజెంటు. నల్లజాతి పిల్లల చదువులకు కూడా డబ్బు, భూమి ఇచ్చిన మనిషి. ఇరుకుగా ఉన్న పాత 40 ఎకరాల క్యాంపస్‌ని వదిలి యూనివర్సిటీ మొత్తం ఈ నది ఒడ్డుకు రావాలన్నది ఆయన ఆశ.

ఆ ఆశ నెరవేరలేదు. పాలకమండలిలోనే జార్జ్ లిటిల్‌ఫీల్డ్ అనే మరో ధనవంతుడు ఉండేవాడు. అంతర్యుద్ధంలో దక్షిణాది సైన్యం తరఫున పోరాడిన మేజరు. బ్రాకెన్‌రిడ్జ్ అటువైపు, ఉత్తరాది వాళ్ల యూనియన్ పక్షం. ఇద్దరికీ ఏ విషయంలోనూ పొసిగేది కాదు. క్యాంపస్ ఉన్నచోటే ఉంటేనే తన ఆస్తిలో వాటా ఇస్తానని లిటిల్‌ఫీల్డ్ వీలునామాలో షరతు పెట్టాడు. 1920 చివర్లో కొద్దివారాల తేడాతో ఇద్దరూ చనిపోయారు. మరుసటి ఏడాది రాష్ట్ర శాసనసభ పాత క్యాంపస్ చుట్టూ భూమి కొనడానికే డబ్బు మంజూరు చేసింది. నది ఒడ్డున స్థలం ఖాళీగా మిగిలిపోయింది.

1924లో ఆస్టిన్ లయన్స్ క్లబ్బు వాళ్లు ఆ ఖాళీ స్థలంలో కొంత లీజుకు తీసుకుని గోల్ఫ్ కోర్సు వేశారు. అప్పట్లో గోల్ఫ్ అంటే డబ్బున్నవాళ్ల క్లబ్బుల ఆట. సభ్యత్వం ఉండాలి, సభ్యత్వానికి ఎవరో సిఫారసు చేయాలి. ఇక్కడ అవేవీ లేవు. ఆ రోజుకి గ్రీన్ ఫీ, అంటే ఆట రుసుము, కట్టి ఎవరైనా ఆడుకోవచ్చు. 1930ల్లో లయన్స్ వాళ్లు దాన్ని నగరానికి అప్పగించారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. 'ఎవరైనా' అంటే ఆ రోజుల్లో తెల్లవాళ్లలో ఎవరైనా అనే. నల్లజాతి కుర్రాళ్లు కేడీలుగా, అంటే ఆటగాళ్ల సామాను మోసేవాళ్లుగా రావచ్చు, బరువైన బ్యాగులు మోస్తూ 18 హోల్స్ (బంతి వేసే గుంతలు) తిరగవచ్చు, గడ్డిలో పోయిన బంతి వెతికిపెట్టవచ్చు. ఆడటానికి మాత్రం వీల్లేదు. 1928లో నగరం గీయించిన ప్లాను నల్లవాళ్లనందరినీ తూర్పు ఆస్టిన్‌కి నెట్టింది. వాళ్లకి బడి, పార్కు అన్నీ అటువైపే పెట్టారు. మ్యూనీ ఉన్నది ఊరికి పడమటి వైపు, తెల్లవాళ్ల ఇళ్ల మధ్య.

1950 చివర్లో కేడీలుగా పనిచేసే ఇద్దరు నల్లజాతి కుర్రాళ్లు కోర్సులోకి నడిచి వచ్చి ఆట మొదలుపెట్టారు. ముందు ప్రకటన లేదు, ఊరేగింపు లేదు. కోర్సు సిబ్బందికి ఏం చేయాలో తోచక సిటీ హాలుకి ఫోన్ చేశారు. విషయం మేయరు టేలర్ గ్లాస్ దగ్గరికి వెళ్లింది. ఆయన కౌన్సిల్ సభ్యులతో మాట్లాడాడు. వాళ్లలో ఎమ్మా లాంగ్ ఒకరు. 1948లో గెలిచి, ఆస్టిన్ కౌన్సిల్లో అడుగుపెట్టిన మొదటి మహిళ. చివరికి తేలింది ఒక్కటే: వాళ్లని ఆడనివ్వండి. తీర్మానం, ఓటింగు, కోర్టు ఉత్తర్వు ఏదీ లేకుండానే అయిపోయింది. ఆ ఇద్దరూ ఆడుకున్నారు, ఆ తర్వాత మిగతావాళ్లూ వచ్చారు. హ్యూస్టన్, శాన్ ఆంటోనియో లాంటి ఊళ్ల నుంచి నల్లజాతి ఆటగాళ్లు గంటల కొద్దీ కార్లు నడుపుకుంటూ ఇక్కడికి వచ్చి ఆడేవాళ్లు.

ఇది ఎంత పెద్ద సంగతో తెలియాలంటే చుట్టుపక్కల చూడాలి. హ్యూస్టన్‌లో ఇదే హక్కు కోసం నల్లజాతి గోల్ఫర్లు ఫెడరల్ కోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. అట్లాంటా కేసు సుప్రీంకోర్టు దాకా పోయి 1955లో తేలింది. అదే ఏడాది నార్త్ కరొలైనాలోని గ్రీన్స్‌బొరోలో ఆరుగురు నల్లవాళ్లు ఊరి కోర్సులో ఆడినందుకు అరెస్టయ్యారు. బడుల్లో జాతి విభజన చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది 1954లో. ప్రొఫెషనల్ గోల్ఫర్ల సంఘం తెల్లవాళ్లకే సభ్యత్వం అనే నిబంధనను 1961 దాకా వదల్లేదు. దక్షిణాది రాష్ట్రాల్లో జాతి విభజన తొలగిన మొట్టమొదటి మున్సిపల్ గోల్ఫ్ కోర్సుగా మ్యూనీని చెప్పుకునేది ఇందుకే.

నన్ను బాగా కదిలించే విషయం ఇంకోటుంది. ఆ భూమి యజమాని అప్పుడేం చేస్తోంది? హీమన్ స్వెట్ అనే నల్లజాతి విద్యార్థికి లా కాలేజీలో సీటు ఇవ్వబోమని యూనివర్సిటీ ఏళ్ల తరబడి కోర్టుల్లో వాదించి, 1950 జూన్‌లో సుప్రీంకోర్టులో ఓడిపోయింది. బీయే, బీఎస్సీ లాంటి కోర్సుల్లోకి నల్లజాతి విద్యార్థులు రావడానికి 1956 దాకా పట్టింది. అంటే క్యాంపస్‌లో తలుపు తెరవడానికి సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. అదే యూనివర్సిటీ భూమి మీద, ఊరు నడుపుతున్న మైదానంలో, ఒక్క ఫోన్ కాల్‌తో తలుపు తెరుచుకుంది. ఆ గౌరవం ఊరిది, అంతకన్నా ముందు ఆ ఇద్దరు కుర్రాళ్లది. భూమి పత్రంలో పేరున్న వాళ్లది మాత్రం కాదు.

ఆట విషయానికొస్తే, గొప్ప పేర్లే ఉన్నాయి. 1949లో బస్సు ఢీకొని చావు తప్పించుకున్న గోల్ఫర్ బెన్ హోగన్, 1950లో తిరిగొచ్చి యూఎస్ ఓపెన్ గోల్ఫ్ టోర్నీ గెలిచాడు. అదే ఏడాది మ్యూనీలో ఎగ్జిబిషన్ మ్యాచ్ ఆడాడు. 16వ హోల్‌ని ఇప్పటికీ హోగన్ హోల్ అనే అంటారు. రెండుసార్లు మాస్టర్స్ గోల్ఫ్ టోర్నీ గెలిచిన బెన్ క్రెన్షా ఈ పక్క వీధుల్లో పెరిగి, చిన్నప్పుడు ఇక్కడ ఆడినవాడే. ఇప్పుడు దీన్ని కాపాడాలని పోరాడేవాళ్లలో ముందు వరసలో ఉన్నాడు.

పోరాటం దేనికంటే, 1970ల మొదట్లోనే యూనివర్సిటీ లీజు ఆపేద్దామనుకుంది. 'సేవ్ మ్యూనీ' అంటూ ఊరివాళ్లు అడ్డుపడ్డారు, లీజు నిలిచింది. 2011లో రీజెంట్లు మళ్లీ తీర్మానించారు: 2019లో గడువు అయ్యాక పొడిగించేది లేదని. 2016లో మ్యూనీకి జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చోటు దొరికింది. అదే ఏడాది అమెరికాలో ప్రమాదంలో ఉన్న 11 చారిత్రక స్థలాల్లో ఒకటిగా కూడా ప్రకటించారు. 2019 దాటాక పక్కా ఒప్పందం లేకుండా తాత్కాలిక పొడిగింపులతో నెట్టుకొచ్చారు.

యూనివర్సిటీ వాదనని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. నగరం కడుతూ వచ్చిన అద్దె ఏడాదికి దాదాపు 5 లక్షల డాలర్లు. మార్కెట్ ధరకి ఇస్తే పదింతలు వస్తుందని వాళ్ల లెక్క. దానం ఇచ్చింది యూనివర్సిటీ చదువుల కోసం, ఊరి వినోదం కోసం కాదని వాళ్లంటారు. ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఆ యూనివర్సిటీ ఫీజులు కట్టినవాళ్లున్నారు, మీకా మాట నచ్చవచ్చు. కానీ బ్రాకెన్‌రిడ్జ్ కోరింది క్యాంపస్. షాపులు, అపార్టుమెంట్లు కట్టి అద్దెలు వసూలు చేయమని కాదు. అదే దానపు భూమిలో జీవశాస్త్ర పరిశోధన క్షేత్రం ఉంది, అది చదువు కోసమే. మ్యూనీ కూడా చరిత్ర పాఠం చెప్పే చోటే అని నా వాదన. స్టైనర్ ర్యాంచ్‌లో యూనివర్సిటీ పేరుతోనే ఒక గోల్ఫ్ క్లబ్బు 2003 నుంచి ఉంది, కానీ అది సభ్యులకే. గ్రీన్ ఫీ కట్టి మామూలు మనిషి ఆడుకునే చోటు మ్యూనీ.

మనలో కొందరికి 2025లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలి భూముల గొడవ గుర్తొచ్చి ఉంటుంది. అక్కడ భూమి ఎవరిదన్నదే తగాదా. ఇక్కడ యజమాని ఎవరో అందరికీ తెలుసు, ఎవరూ కాదనడం లేదు. ఆ యజమానికి ఊరి పట్ల బాధ్యత ఉందా లేదా అన్నదే ప్రశ్న. ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను. ప్రభుత్వ యూనివర్సిటీ అంటే ప్రజలదే కదా.

కాబట్టి నేను అడిగేది చాలా సూటిగా ఉంటుంది. ఈ ఏడాదికి, వచ్చే ఏడాదికి అంటూ కాకుండా దశాబ్దాలకు సరిపడే లీజు రాయాలి. యూనివర్సిటీకి నష్టం రాకుండా అద్దె పెంచుకోవడానికి నగరం, దాతలు కలిసి కూర్చోవాలి. 1950లో ఏం జరిగిందో అక్కడికి బస్సుల్లో వచ్చిన బడిపిల్లలకి చూపించే ఏర్పాటు ఉండాలి. సిటీ కౌన్సిల్ సమావేశాల్లో ఎవరైనా పేరు నమోదు చేసుకుని మాట్లాడవచ్చు. రీజెంట్లకి ఉత్తరం రాయడానికి పౌరసత్వం కూడా అక్కర్లేదు. నా దగ్గర ఉత్తరం నమూనా ఉంది, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ. బయట బల్ల మీద పెట్టాను, వెళ్లేటప్పుడు తీసుకోండి. మీ ప్రశ్నలు ఇప్పుడు అడగండి.