చెట్టుకు ముఖం ఒకటే: పైన్ బొన్సాయ్ అమరిక, ఫొటోల మర్యాద

(నెల్లూరులో బొన్సాయ్ ప్రదర్శనకు ముందు, చెట్లు పెట్టేవాళ్ళకూ వాలంటీర్లకూ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఒంగోలు, కందుకూరు, కావలి నుంచి చెట్లు తెస్తున్నవాళ్ళకూ, ఇక్కడ హాలు చూసుకునే వాలంటీర్లకూ కలిపి ఈ నాలుగు మాటలు. బొన్సాయ్‌కి, అంటే కుండీలో చిన్నదిగా పెంచే చెట్టుకు, ముఖం ఒకటే. వేళ్ళు మట్టిని పట్టుకున్న తీరు, మొదలు వంపు, రెండు పక్కలకూ విచ్చుకున్న కొమ్మలు, కాస్త మనవైపు వంగిన తల ఏ వైపునుంచి బాగా కనిపిస్తాయో అదే ముఖం. పెంచినవాళ్ళు ఏళ్ళ తరబడి తీగ చుట్టిందీ కత్తిరించిందీ ఆ వైపు కోసమే. పీట, వెనక గుడ్డ, లైట్లు, తాడు, ఫొటోల నియమాలు, వీటిలో ఏది సరిగా లేకపోయినా చెడేది ఆ ముఖమే.

సందర్శకులు ముందు అడిగేది ఇది ఏ చెట్టు అని. పైన్ అయితే, ఒక్కో గుత్తి మొదట్లో ఉన్న చిన్న తొడుగులోంచి ఎన్ని సూదులు వచ్చాయో చూపించండి. రెండుంటే జపాన్ నల్ల పైన్ గానీ ఎర్ర పైన్ గానీ. మూడుంటే, మన దేశపు చెట్టు అయితే, ఎక్కువగా హిమాలయాల చీర్ పైన్. అయిదుంటే తెల్ల పైన్. అది కొండల చెట్టు, మన ఎండలకు తట్టుకోవడం కష్టం. నల్ల పైన్ సముద్రపు ఒడ్డు చెట్టే గానీ దానికి చలికాలపు విశ్రాంతి కావాలి. మనకు ఆ చలి ఎక్కడిది?

అందుకే మన బల్లల మీద పైన్ పక్కన సర్వి, అంటే సరుగుడు, కూడా ఉంటుంది. కొందరు దాన్నీ పైన్ అనే రాసేస్తారు. రాయొద్దు. సర్వి పైన్ కాదు, పూలు పూసే జాతి. మనం సూది అనుకునేది సన్నని రెమ్మ. అసలు ఆకులు కణుపు దగ్గర చుట్టూ కనిపించే చిన్న పొలుసులు, భూతద్దం పెడితే స్పష్టంగా తెలుస్తాయి. జపాన్ తీరంలో ఇసుకనూ గాలినీ ఆపడానికి నల్ల పైన్ నాటారు, మన తీరంలో అదే పనికి సర్వి తోపులు వేశారు. గాలికి ఒరిగిన రూపం రెండింటికీ సహజం. ఇండోనేషియాలోనూ తైవాన్‌లోనూ సర్వి బొన్సాయ్‌ని గొప్పగా పెంచుతారు. మనమూ బోర్డు మీద ధైర్యంగా సర్వి అని రాద్దాం.

ఇక తయారీ. అల్యూమినియం తీగ లైటు కింద తళుక్కుమంటుంది, కాబట్టి తప్పనిసరి అయినచోట తప్ప తీగ కనబడకూడదు. తీసేటప్పుడు తిప్పి లాగితే బెరడు ఊడుతుంది, ముక్కలుగా కత్తిరించి తీయండి. కుండీ మట్టి మీద పరిచే నాచు వానల తర్వాత నీడ గోడల మీద దొరుకుతుంది. కనీసం మూడు వారాల ముందు పరచాలి, లేకపోతే హాల్లో రెండో రోజుకే అంచులు లేచి అతుకులు కనిపిస్తాయి. మొదలు చుట్టూ వేలెడు జాగా వదలండి, వేళ్ళు నాచు కింద దాగిపోకూడదు. చెట్టు మీదే ఉంచిన ఎండు చెక్కకు సున్నం-గంధకం ద్రావణం పూసేవాళ్ళు ఆ పని నెల ముందే ముగించాలి. కుళ్ళిన గుడ్ల వాసన అంత తొందరగా పోదు, కొత్త పూత తెల్లగా సుద్దలా కూడా కనిపిస్తుంది. మెరుపు పూత లేని కుండీని తడిగుడ్డతో తుడిచి, ఆరాక ఒక్క చుక్క నూనె అద్దిన గుడ్డతో రుద్దితే చాలు.

పీట దగ్గర ఎక్కువమంది పొరబడతారు. కుండీ అంచు నుంచి పీట ప్రతి పక్కా రెండు వేళ్ళైనా బయటికి రావాలి. నిటారు చెట్టుకు పొట్టి, బరువైన పీట. కుండీ దిగువకు జారే చెట్టుకు ఎత్తైన పీట. సన్నని మొదలుతో పైకి సాగిపోయే చెట్టుకు పల్చటి పలక చాలు. మార్కాపురం నల్ల పలక దానికి చక్కగా నప్పుతుంది, మెరవదు కాబట్టి. చీమకుర్తి గ్రానైట్ మీద మనకు ఎంత మమకారం ఉన్నా, పాలిష్ చేసిన ముక్క పెట్టొద్దు. అందులోని చుక్కలు మెరుస్తాయి, కుండీ అడుగు అద్దంలోలా కనిపిస్తుంది, కన్ను చెట్టు వదిలి అక్కడికే పోతుంది. చెక్క పీట కావాలంటే ఉదయగిరి చెక్క పనివాళ్ళకు కుండీ కొలతలు ఇచ్చి అడగవచ్చు.

ఎత్తు లెక్క చూడండి. నిలబడ్డ మనిషి కన్ను సుమారు 150 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. భోజనాల బల్ల 75, పీట 10. కుండీతో కలిపి 70 ఉన్న చెట్టు పెడితే దాని నడిమి భాగం 120 దగ్గరే ఆగిపోతుంది. చూసేవాడి చూపు చెట్టు పైభాగం మీదే పడుతుంది, మొదలు సరిగా కనిపించదు, చెట్టు పొదలా అనిపిస్తుంది. బల్ల కాళ్ళ కింద 25 సెంటీమీటర్ల దిమ్మలు వేయండి, నడిమి భాగం 145కి వస్తుంది. దిమ్మలు కదలకుండా ఉన్నాయో లేదో చెట్టు పెట్టకముందే బల్లను ఊపి చూసుకోవాలి.

వెనక గుడ్డ మెరుపు లేని లేత బూడిద రంగుదో గోధుమ రంగుదో కావాలి. చెట్టుకు కనీసం 30 సెంటీమీటర్లు వెనగ్గా కడితే నీడ దాని మీద గట్టిగా పడదు. చెట్టు వెనక దాతల ఫ్లెక్సీ మాత్రం వద్దు. వాళ్ళ మీద మనకు కృతజ్ఞత ఉంది, దాన్ని గుమ్మం దగ్గర చూపిద్దాం. సూదుల సందుల్లోంచి అక్షరాలు కనిపిస్తే చెట్టు ఆకారమే తెలియకుండా పోతుంది. లైట్లన్నీ ఒకే రంగువి పెట్టండి. ఒక పక్క తెల్ల ట్యూబు, ఇంకో పక్క పసుపు బల్బు ఉంటే పైన్ పచ్చదనం ఏ ఫొటోలోనూ సరిగా రాదు.

1934లో టోక్యోలో మొదలైన కొకుఫు ప్రదర్శనలో చెట్టునూ పీటనూ తోడు మొక్కనూ కలిపి ఒకే అమరికగా చూస్తారు. మనం తోడుగా చిన్న మూకుడులో గరికో తుంగో పెట్టవచ్చు. చెట్టు ఎత్తులో మూడో వంతు మించకూడదు. చెట్టు ఏ పక్కకు సాగుతుందో ఆ పక్కనే, కాస్త దూరంగా ఉండాలి.

ఇప్పుడు సందర్శకుల సంగతి. తాడు బల్ల అంచుకు 75 సెంటీమీటర్ల దూరంలో కట్టండి. వీపున బ్యాగుతో వచ్చినవాళ్ళను దాన్ని చేత్తో పట్టుకోమని గుమ్మంలోనే చెప్పాలి. కొమ్మలు విరిగేది చేత్తో ముట్టుకున్నప్పుడే కాదు, ఫొటో తీసి వెనక్కి తిరిగినప్పుడు కూడా. పైన్ కొమ్మ చివరి మొగ్గ చిన్న తాకిడికే విరుగుతుంది. మళ్ళీ ఆ చోట మొగ్గ కట్టించి కొమ్మను యథాస్థితికి తేవడానికి ఏడాదో రెండేళ్ళో పడుతుంది.

సర్వికి వేరే గండం ఉంది. తీరం ఊళ్ళ పిల్లలకు దాని రెమ్మ చూస్తే ఆట గుర్తొస్తుంది. కణుపు దగ్గర పుటుక్కున లాగి, మళ్ళీ అతికించి, "ఎక్కడ తెగిందో చెప్పు" అంటారు. తోపులో ఆడుకుంటే ఏం పోదు గానీ ఇక్కడ ఒక్కో రెమ్మా లెక్కే. తిట్టకండి. గుమ్మం దగ్గర పళ్ళెంలో కోసిన సర్వి రెమ్మలు పెట్టి, తనివితీరా లాగి చూడమనండి. లోపల వాళ్ళ చేతులు ఆగుతాయి.

ఫ్లాష్ వల్ల మొక్క చస్తుందని కొన్నిచోట్ల రాస్తారు. ఆ మాట నిజం కాదు, మనం రాయొద్దు. ఫ్లాష్ పక్కవాళ్ళ కళ్ళను చెదరగొడుతుంది, సూదుల మీద తెల్లటి మెరుపు తెస్తుంది, వెనక గుడ్డ మీద నల్లటి నీడ వేస్తుంది. కారణం ఇలా చెబితే ఎవరైనా మానేస్తారు. ట్రైపాడ్ నడిచే దారికి అడ్డం, కాబట్టి ఉదయం మొదటి అరగంట దానికి కేటాయిద్దాం. సెల్ఫీ కర్ర లోపలికి వద్దు. చెట్టుతో కలిసి ఫొటో కావాలనేవాళ్ళకు బయట గట్టి జువ్వి చెట్టు ఒకటి విడిగా పెట్టండి. మంచి కోణం కోసం కుండీ తిప్పమని ఎవరు అడిగినా, ఎంత దగ్గరవాళ్ళైనా, తిప్పవద్దు.

ఎలా తీయాలో కూడా నేర్పండి. రెండు మీటర్లు వెనక్కి నిలబడి, ఫోనులో రెండింతల జూమ్ పెట్టాలి. దగ్గరికెళ్ళి మామూలు లెన్స్‌తో తీస్తే కుండీ ఉబ్బి, తల చిన్నదవుతుంది. ఫోను చెట్టు నడుము ఎత్తులో నిటారుగా ఉండాలి, పీట కాళ్ళు ఫ్రేములోకి రావాలి. పోర్ట్రెయిట్ మోడ్ వాడొద్దు. అంచుల్లోని సన్నని సూదుల్ని ఫోను వెనక గుడ్డ అనుకుని చెరిపేస్తుంది, చెట్టు కత్తెర వేసినట్టు కనిపిస్తుంది. వెంటనే పేరు బోర్డునూ ఒక ఫొటో తీసుకుంటే, తర్వాత పోస్టులో చెట్టు పేరూ పెంచినవాళ్ళ పేరూ తప్పు పోవు.

పేరు పెట్టండి గానీ ఇంటి చిరునామా, తోట ఉన్న చోటు పెట్టొద్దు. 2019 జనవరిలో జపాన్‌లోని సైతామాలో ఒక తోట నుంచి ఏడు బొన్సాయ్‌లు ఎత్తుకెళ్ళారు, వాటిలో నాలుగొందల ఏళ్ళ నాటి జూనిపర్ చెట్టు ఒకటి. దానికి నీళ్ళు పోయమని పెంచినవాళ్ళు దొంగల్ని బతిమాలుకున్నారు.

చివరగా, చెట్లు పెట్టినవాళ్ళకు. హాల్లో మూడు రోజులు మించొద్దు. స్టాండు ఫ్యాను గాలి నేరుగా తగలనీయొద్దు. రోజూ సందర్శకులు వెళ్ళాక పీట మీదనుంచి దించి బయట నీళ్ళు పోసి, అడుగు కారడం ఆగాకే మళ్ళీ పైకి ఎత్తాలి. ఇంటికి తీసుకెళ్ళేటప్పుడు వ్యాన్‌లో కుండీ చుట్టూ ఇసుక సంచులు ఆనించి, చెట్టుకు వల కప్పండి. ప్లాస్టిక్ కప్పితే లోపల ఉడికిపోతుంది. ఇల్లు చేరాక వారం రోజులు అర నీడలో ఉంచి, ఆ తర్వాతే ఎండలోకి మార్చండి.