జకార్తా నోట ఇండొనేషియన్

అందరికీ నమస్కారం.

ఇండొనేషియన్ పాఠ్యపుస్తకం తెరిస్తే ‘లోపల’ అనే మాటకు ‘దాలమ్’ అని ఉంటుంది. జకార్తాలో బస్సెక్కితే వినబడేది ‘దాలెమ్’. ఇక్కడి ఎ-కారం మన ఎ లాంటిది కాదు. నోరు పెద్దగా తెరవకుండా, నాలుకను ఎటూ జరపకుండా పలికే అస్పష్టమైన అచ్చు. మన లిపిలో దానికి అక్షరం లేదు గనుక ఎ అని రాసుకుందాం. రాత్రిని పుస్తకం ‘మాలమ్’ అంటే ఊరు ‘మాలెమ్’ అంటుంది. ‘దాతంగ్’ అంటే రావడం, అది ‘దాతెంగ్’ అవుతుంది.

బళ్లో మాస్టార్లు దిద్దే ఉచ్చారణ ఇదే. కానీ ఇండొనేషియన్, జావా లాంటివి చేరే ఆస్ట్రొనేషియన్ కుటుంబపు భాషలను పోల్చి పండితులు పునర్నిర్మించిన మూలరూపాలు చూడండి. ఈ మూడు మాటల్లోనూ ఆ చోట ఉన్నది ఈ అస్పష్టమైన అచ్చే. ఇండొనేషియన్‌కు ఆధారమైన గ్రంథాల మలయ్‌లో అది అ-కారంగా మారింది. జావా భాషలో నిలిచింది, జకార్తా స్థానికుల బెతావీలోనూ వినిపిస్తుంది. బెతావీకి అది వారసత్వంగా వచ్చిందా, జావా పొరుగు వల్ల అబ్బిందా అన్నది వేరే చర్చ. ఎలా చూసినా వీధిలో వినబడే రూపం పాతది, పుస్తకంలోది తర్వాతిది. అందుకే దీన్ని బద్ధకపు ఉచ్చారణ అంటే నేను ఒప్పుకోను.

బెతావీ ఎలా పుట్టిందో తెలిస్తే మిగతావీ అర్థమవుతాయి. 1619లో డచ్చి కంపెనీ ఈ రేవును పట్టుకుని బతావియా, అంటే ఇప్పటి జకార్తా, కట్టింది. పనికి మనుషులు కావాలి. బాలి నుంచి, సులవేసి నుంచి బానిసలను తెచ్చారు. కోరమాండల్ తీరం నుంచి, అంటే మన తూర్పు తీరం నుంచి కూడా ఓడల్లో తీసుకుపోయారు. దక్షిణ చైనా వర్తకులు వచ్చారు. వీళ్లందరినీ కలిపింది బజారు మలయ్. ఇవాళ జకార్తా కుర్రకారు నేను, నువ్వు అనడానికి వాడే ‘గువె’, ‘లూ’ దక్షిణ చైనా భాష హొక్కియెన్ మాటలు. ఐదువేల రూపియాను ‘గొచెంగ్’ అంటారు, అదీ హొక్కియెనే. ‘చాలా’ అనే అర్థంలో వాడే ‘బాంగెత్’ జావా భాషది. క్రియల చివర వచ్చే ‘ఇన్’ ప్రత్యయం బాలి నుంచి వచ్చిందని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. నాకు అది అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది. పేరు కూడా మిగలని బానిసల వ్యాకరణం రాజధాని నోట్లో బతికి ఉందన్నమాట.

మిగతా మార్పులు త్వరగా చెబుతాను. ‘సాంపై’ సాంపే, ‘కాలౌ’ కాలో. మొదటి హ-కారం రాలిపోతుంది: వాన ‘హూజన్’ కాస్తా ఊజన్.

ఇక జకార్తా దాటుదాం. 1928 అక్టోబరు 28న ఇండొనేషియా యువజనులు మలయ్ ఆధారమైన ఇండొనేషియనే అందరినీ కలిపే భాష అని ప్రతిజ్ఞ చేసినప్పుడు మలయ్ కొద్దిమందికే ఇంటి భాష. అన్నిటికంటే పెద్ద జాతి జావావాళ్లు. కాబట్టి ప్రతి ఊరూ తన నోటితోనే ఆ భాషను అందుకుంది. సుమత్రా దీవిలోని తోబా బతక్ భాషలో ఆ అస్పష్టమైన అచ్చే లేదు. అందుకే అక్కడి మెదాన్ నగరంలోని బతక్‌వాళ్లు ‘బెసార్’ అంటే మొదటి ఎ మన ఎ-కారంలా ఖణీమని వినబడుతుంది. జావావాళ్లు బాందుంగ్ నగరాన్ని ‘మ్బాందుంగ్’ అంటారు. ఆ జావా భాషలో మనకున్నట్టే ద, డ వేరు: ‘వెది’ భయం, ‘వెడి’ ఇసుక. తెలుగు చెవికి వెంటనే పట్టుబడే ఈ తేడా ప్రామాణిక ఇండొనేషియన్‌లో లేదు.

సులవేసిలోని మకస్సర్ నగరం సంగతి మరీ ఆసక్తికరం. అక్కడి భాషలో మాట చివర న్, మ్ రావు. వచ్చే అనునాసికం ఙ్ ఒక్కటే. అందువల్ల ‘మాకన్’, అంటే తినడం, ‘మాకఙ్’ అవుతుంది. దాన్ని దిద్దుకునే తొందరలో సరిగ్గా ఉన్న ‘పూలఙ్’ను, అంటే ఇంటికి తిరిగి వెళ్లడాన్ని, కూడా ‘పూలన్’ అనేస్తారు. ఈ తడబాటుకు ఆ ఊళ్లో ‘ఒక్కొత్స్’ అని పేరే పెట్టుకుని నవ్వుకుంటారు. దీనికి భిన్నంగా, సుహార్తో దేశాధ్యక్షుడిగా ఉన్న రోజుల్లో, 1998 దాకా, ఆయన ‘కాన్’ ప్రత్యయాన్ని జావా పద్ధతిలో ‘కెన్’ అని పలికేవారు. అధికారులు నవ్వలేదు సరికదా, తామూ ‘కెన్’ అనడం మొదలుపెట్టారు. రెండూ ఇంటి భాష వేసిన ముద్రలే. ఏది తప్పో తేల్చింది ధ్వని కాదని దీన్నిబట్టే తెలుస్తోంది.

మీలో కొందరు క్షేత్ర పరిశోధనకు వెళ్లాలనుకుంటున్నారని విన్నాను. మైకు చూడగానే ఎవరైనా బడి ఉచ్చారణలోకి మారిపోతారు. రోడ్డు పక్క చిన్న హోటళ్లను అక్కడ ‘వారుంగ్’ అంటారు. అక్కడ కాఫీ తాగుతూ కూర్చోండి, ధరలు అడగండి, ఫుట్‌బాల్ గురించి మాట కలపండి. మొదట్లో రికార్డయింది పక్కన పెట్టి, మీ యంత్రాన్ని వాళ్లు మరిచిపోయాక వచ్చిన మాటలనుంచి రాసుకోవడం మొదలుపెట్టండి.