29 సైజ్ అంటే ఏ సైజ్?

హోస్ట్: అందరికీ నమస్తే. ఇయ్యాల నా పక్కన మా గల్లీ సైకిల్ మెకానిక్ అన్న ఉన్నడు. సంగతేందంటే, నేనుండేది మణికొండల. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ సైకిల్ ట్రాక్ 2023 అక్టోబర్‌ల తెరిచినప్పటి నుంచి పొద్దున్నే అక్కడ తొక్కాలని ఒకటే కోరిక. 23 కిలోమీటర్లు, నెత్తి మీద సోలార్ కప్పు, లారీల భయం లేదు. కొత్త సైకిల్‌కు పైసలు సరిపోక ఆన్‌లైన్‌ల సెకండ్ హ్యాండ్‌ది కొన్న. యాడ్‌ల ఏం రాసిండ్రంటే: "ఆర్నెల్లే వాడినం, 29 సైజ్, అల్లాయ్, షిమానో గేర్లు, కొత్తదాని లెక్కనే ఉంది." ధర 9,000. రాత్రి ఎనిమిదింటికి కూకట్‌పల్లిల ఒక సెల్లార్‌ల చూసిన, ఒక రౌండ్ తిప్పిన, ఫోన్‌ల పైసలు కొట్టేసిన.

మెకానిక్: తెల్లారి నా దగ్గరకు తెచ్చినవ్. నువ్వు దిగంగనే అడిగిన గద, "ఎవరి సైకిల్ చెల్లె ఇది?" అని.

హోస్ట్: అవునన్నా, ఎందుకట్ల అడిగిండ్రు?

మెకానిక్: బ్రేక్ కొట్టి ఆగినవ్, కాళ్లు నేలకు అందుతలేవు. ఒక పక్కకు ఒరిగి దిగినవ్. 29 అనేది చక్రం సైజ్ చెల్లె. మనిషికి చూసుకోవాల్సింది ఫ్రేమ్ సైజ్. నీది 19 ఇంచుల ఫ్రేమ్. ఐదడుగుల రెండంగుళాల ఎత్తుకు అది పెద్దది. రెండు కాళ్లు నేల మీద పెట్టి నిలబడితే నడిమి రాడ్డుకూ మనకూ మధ్యల కనీసం ఒకటి రెండు ఇంచుల జాగా ఉండాలె.

హోస్ట్: యాడ్‌ల రాసింది అబద్ధం కాదు. నాకు కావాల్సింది అందుల లేదు, నేను అడగలే.

మెకానిక్: చక్రం సంగతి కూడా అంత సాఫు కాదు. "26 సైజ్" అంటరు. ఎమ్‌టీబీ, అంటే గుట్టల మీద తొక్కే మౌంటెన్ బైక్, దాని 26 రిమ్ము 559 మిల్లీమీటర్లు. పాత రోడ్డు సైకిళ్లకు వచ్చే 26 ఇంటూ 1 మూడు బై ఎనిమిది, రిమ్ము 590. ఒకదాని టైర్ ఇంకోదానికి ఎక్కదు. ఇంకో పక్క 29 అన్నా, రోడ్డు సైకిళ్లకు రాసే 700సీ అన్నా రిమ్ము ఒకటే, 622. అందుకే టైర్ పక్కన అచ్చేసిన నంబర్ ఫొటో పెట్టమనాలె. 52-559 అని ఉంటే వెడల్పు 52, రిమ్ము 559.

హోస్ట్: అల్లాయ్ సంగతి చెప్పండన్నా. అదే నాకు మస్తు బాధైంది.

మెకానిక్: నా టూల్ డబ్బాల చిన్న అయస్కాంతం ఉంటది. ఫ్రేమ్‌కు పెట్టంగనే టక్కున అంటుకుంది. అల్యూమినియమైతే జారి కింద పడాలె. రిమ్ములకు పెట్టిన, పడిపోయింది. అంటే అల్లాయ్ రిమ్ములే, ఫ్రేమ్ స్టీలు. యాడ్‌ల ఒట్టి "అల్లాయ్" అని రాస్తరు, మనం ఫ్రేమే అనుకుంటం. షిమానో, అదే గేర్లు చేసే జపాన్ కంపెనీ, దాని సంగతి కూడా గంతే. వెనక గేర్ మార్చే ముక్క ఒక్కటే షిమానో, అది కూడా టోర్నీ, వాళ్ల దాంట్ల అన్నిటికన్న కింద మోడల్. చెడ్డదని కాదు. కాని ఆ పేరు చూసి ఎక్కువ పైసలు పెట్టొద్దు.

హోస్ట్: తర్వాత చైన్ మీద స్టీల్ స్కేల్ పెట్టిండ్రు. నేను వంగి చూస్తున్న.

మెకానిక్: ఒక పిన్ను నడుమ సున్నా పెడితే, అక్కడి నుంచి 24వ పిన్ను సరిగ్గ 12 ఇంచుల గీత మీద ఉండాలె. ఇంచుల పదహారో వంతు దాటితే చైన్ మార్చాలె. నీది ఎనిమిదో వంతు దాటింది. అప్పటికి ఫ్రీవీల్, అంటే వెనక చక్రానికుండే పళ్ల చక్రాలు, వాటి పళ్లు కూడా అరిగి ఉంటయి. ఆ పళ్లు నువ్వే చూసినవ్ గద, ఒక పక్కకు కోసుగ వంగినయి.

హోస్ట్: ఆర్నెల్లల అట్ల అయితదా?

మెకానిక్: రోజూ దూరం తొక్కితే అయితది. నెలలు పట్టుకుంటే ఏం తెల్వదు చెల్లె. ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, చైన్ ఎప్పుడు మార్చిండ్రు, అది అడుగు. "అస్సలు తొక్కలే, బాల్కనీలనే ఉంది" అంటే ఇంకా జాగ్రత్త. ఎండకు టైర్లు పగుల్తయి, వానకు కేబుళ్లు తుప్పు పట్టి బిగుసుకుంటయి.

హోస్ట్: చైన్, ఫ్రీవీల్, బ్రేక్ ప్యాడ్లు, ఓవర్‌హాలింగ్, మొత్తం 2,400 అయింది.

మెకానిక్: నీది పైసలతోని పోయింది. మొన్న ఒక పిల్లగాడు తెచ్చిన సైకిల్ చూసి నాకు చెమటలు పట్టినయి. "చిన్న చిన్న గీతలే" అని కొన్నడట. హ్యాండిల్ గొట్టం ఎనక, కింది రాడ్డు అడుగున చెయ్యి పెట్టి చూస్తే పెయింట్ ముడతలు పడి ఉంది. ముందు నుంచి దేనికో గట్టిగ గుద్దింది. ఎప్పుడు విరుగుతదో తెల్వదు. యాడ్ ఫొటోలన్నీ చైన్ వైపు నుంచే తీస్తరు, అడుగు భాగం ఎవ్వరూ పెట్టరు. సైకిల్‌ను తలకిందులు చేసి ఫొటో పంపమను. పెడల్ ఇరుసు కింద ఫ్రేమ్ నంబర్ కూడా కనబడతది. ఆ నంబర్, బిల్లు ఇవ్వనంటే దొంగ సైకిలేమో అనుకోవాలె.

హోస్ట్: నేను చట్టం కూడా చదివిన అన్నా. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 15వ సెక్షన్ ప్రకారం వర్ణన చెప్పి అమ్మితే, వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలె. అమ్మేటాయన దుకాణదారే కానక్కర లేదు. కాని కాంట్రాక్ట్ చట్టం 17వ సెక్షన్‌ల ఒట్టిగ మాట్లాడకుండ ఉంటే మామూలుగ మోసం కింద రాదని ఉంది. అందుకే చాట్‌ల సూటిగ రాసి అడగాలె: "ఫ్రేమ్ అల్యూమినియమా, స్టీలా? యాక్సిడెంట్ అయిందా?" జవాబు కూడా రాతల ఉండాలె.

మెకానిక్: అడ్వాన్స్ అడిగేటోళ్లు కూడా ఉంటరు గద.

హోస్ట్: "మిలిటరీల ఉన్న, ట్రాన్స్‌ఫర్ అయింది, సైకిల్ పార్సిల్ చేస్త" అంటే నమ్మొద్దు. పైసలు తీసుకోనీకి యూపీఐ పిన్ ఎప్పుడూ కొట్టక్కర లేదు. పైసలు పోతే ఎంటనే 1930కి ఫోన్ చెయ్యాలె, సైబర్ మోసాల హెల్ప్‌లైన్. అన్నా, ఈ సైకిల్ అమ్ముదామని యాడ్ రాసిన, వినండి. "ఫ్రేమ్ స్టీలు, 19 ఇంచులు, ఐదడుగుల ఎనిమిది దాటినోళ్లకు సరిపోతది. చక్రాలు 29, రిమ్ములు అల్లాయ్. వెనక గేర్ షిమానో టోర్నీ. చైన్, ఫ్రీవీల్ కొత్తవి, బిల్లు ఉంది. పగటి పూట వచ్చి చూసుకోండి."

మెకానిక్: వెనక రిమ్ము ఔట్, అంటే తిరిగేటప్పుడు పక్కకు ఊగుడు, ఇంకా కొంచెం ఉంది చెల్లె. నేను తీసినా పూర్తిగ పోలే. అది కూడ రాయి.

హోస్ట్: రాస్తున్న అన్నా.